పావురం దీపం వెలగని పొద్దులు

డిసెంబర్ 3, మంగళవారం

మాట్లాడకూడదు. గుసగుస కూడా పనికిరాదట. గొంతుకు అరుపు ఎంత చెరుపో గుసగుసా అంతే చెరుపని బందరు డాక్టరమ్మ లక్ష్మీదుర్గ గారు చెప్పారు. నిన్న నా స్వరపేటిక మీది కాయ తీసేశారు. పద్దెనిమిదో తేదీన మళ్లీ చూపించుకునేదాకా నోరు తెరిచేది అన్నం తినడానికీ మందు మింగడానికే.

"ఐస్ ఫ్యాక్టరీలో కంప్రెసర్ల మధ్య అరుస్తారు. ఆదివారం మైకు పట్టుకుని మళ్లీ అరుస్తారు. గొంతేమన్నా ఇనప గొట్టమా దైవాధీనం గారూ? ఈలోపు మాట్లాడారంటే ఉన్నది కూడా పోతుంది. తర్వాత నన్ననొద్దు."

బైబిల్లో యిర్మీయా ప్రవక్త తన ఎముకల్లో మూసి ఉందన్న దేవుని మాట అనే నిప్పు గురించి ఆమెకు చెప్పాలనిపించింది. నిప్పును ఎన్నాళ్లు మూసిపెడతారు? చెప్పడానికి వీల్లేదు కదా. తలూపి వచ్చాను.

అందుకని ఈ డైరీ. ఫ్యాక్టరీ వాళ్లు కిందటేడాది ఇచ్చింది, ఒక్క పేజీ వాడలేదు. వారాలు కలవవు, కొట్టేసి రాసుకుంటున్నాను. నోరు మూతబడిన జెకర్యాకు పలక దొరికింది, నాకు ఇది దొరికింది. స్తోత్రం.

ఎస్తేరు గుడివాడలో ఉంది. నవ్యశ్రీకి నెలలు నిండాయి, కూతురి పక్కన తల్లి ఉండాలి, నేనే పొమ్మన్నాను. ఇప్పుడు నాగాయలంకలో ఈ ఇంట్లో ఉన్నది నేనూ అమ్మా. నేను మాట్లాడకూడదు. అమ్మకు వినపడదు. ఇద్దరినీ ఏరి ఒకే కప్పు కింద పెట్టిన దేవుడికి కాస్త హాస్యం కూడా ఉందనుకోవాలి.

డిసెంబర్ 4, బుధవారం

రోజూ తెల్లవారుజామున అమ్మ ఎడమ చెవి పక్కన కూర్చుని బైబిలు వాక్యం చదవడం నా అలవాటు. కుడి చెవి ఎప్పుడో మూసుకుపోయింది. ఎడమ చెవికి లోకంలో నా గొంతు ఒక్కటే ఎక్కుతుంది, అదీ ప్రసంగం ఎత్తులో చదివితేనే. ఎస్తేరు ఎంత అరిచినా "ఏంటో గొణుగుతావు" అంటుంది. నా పుణ్యాన వీధిలో ఎవరూ అలారం పెట్టుకోరు. చెవి మిషను పెట్టించి చూశాం. చెవిలో కీచురాయి దూరిందని తీసి కాలవలో పారేసింది. చదువు రాదు, కాబట్టి కాగితం మీద రాసి చూపించేదీ లేదు.

ఈ ఉదయం కూడా వచ్చి పీట మీద కూర్చుంది. ఎడమ చెవి నా వైపు తిప్పింది. నేను గ్రంథం తెరిచాను. గొంతు మీద చెయ్యి పెట్టుకుని చూపించాను.

"తెలుసురా. ఆసుపత్రికి నేనూ వచ్చాగా. ఒక్క వచనం చదువు. చిన్నది."

తల అడ్డంగా ఊపాను.

"పోనీ 'అమ్మా' అను."

లేచి అటూ ఇటూ తిరిగాను. అప్పుడు గూట్లో ఉన్న దీపం కనపడింది. ఆపరేషనుకు వెళ్లే ముందు మా చర్చి సంఘం యూత్ పిల్లలు ఇచ్చిన బహుమానం అది. చెక్క పీఠం, దాని మీద గాజులాంటి పలక, పలకలో పావురం. వెనక సన్న రంధ్రంలో పిన్ను గుచ్చి, అవతలి కొస అడాప్టర్‌కు పెడితే ఎల్‌ఈడీ వెలుగుతుంది. రిమోట్ నొక్కితే రంగులు మారతాయి. అలంకారాల మీద నాకు నమ్మకం లేదు, ఆ రోజే చెబుదామనుకుని ఊరుకున్నాను. ఊరుకోవడం మంచిదయింది. దాన్ని అమ్మ ఎదురుగా పెట్టి తెల్లరంగు వెలిగించి, గ్రంథం గుండెకు ఆనించుకుని కళ్లు మూసుకున్నాను.

ఆమె కాసేపు దీపాన్ని చూసింది, నన్ను చూసింది. "అంటే ఇది వెలిగితే నువ్వు లోపల చదువుతున్నట్టా?"

తలూపాను. ఆమె కొంగు తల మీదికి లాక్కుని, దీపం ఆర్పేదాకా కదలకుండా కూర్చుంది. ఆమెన్ కూడా చెప్పింది.

పావురం కింద అక్షరాలు తడిమి ఏంటని అడిగింది. నా రొమ్ము మీద చెయ్యి పెట్టుకున్నాను. నా పేరు.

"ఇది నువ్వేనన్నమాట" అంది.

డిసెంబర్ 6, శుక్రవారం

మాకో భాష కుదిరింది. పొయ్యి పక్క గూట్లో దీపం, నా చేతిలో రిమోట్. తెలుపు వాక్యానికి. ఆకుపచ్చ అంటే అన్నం పెట్టు. ఎరుపు అంటే వద్దు.

మధ్యాహ్నం గోంగూర మీద రెండో గరిటె పట్టుకొస్తుంటే ఎరుపు నొక్కాను. చూసింది. చూసి వేసింది. మళ్లీ నొక్కాను. "కనపడిందిలే, తిను. ఆపరేషనయిన ఒళ్లు."

నవ్వకూడదని డాక్టరమ్మ చెప్పలేదు. నవ్వాను.

స్తోత్రం, యూత్ పిల్లలకు. వాళ్ల ఫోన్ల మీద నేను చేసిన ప్రసంగంలో రెండు మాటలు వెనక్కి తీసుకుంటున్నాను. రెండే.

డిసెంబర్ 7, శనివారం

తెల్లవారుజామున దీపం వెలగలేదు. రిమోట్ బ్యాటరీ మార్చాను, అయినా లేదు. మధ్యాహ్నం అన్నం వేళకు అదే వెలిగింది.

డిసెంబర్ 8, ఆదివారం

మళ్లీ వెలగలేదు. అమ్మ పీట మీద కూర్చుని ఎదురు చూసింది. పిన్ను కదిపాను, ప్లగ్గు తీసి పెట్టాను. పావురం చల్లగా, నల్లగా ఉంది. ఆమె ముఖంలోకి చూడలేకపోయాను.

"నీ గొంతు పోయిందా నాన్నా? నాకు చెప్పకుండా దాస్తున్నావా?"

లేదు లేదని చేతులూపాను. అదెంత సేపు చెబితే ఆమెకు నమ్మకం? ఊపుతున్న చెయ్యి పట్టుకుని ఆపింది.

ఆరాధనకు వెళ్లాను. నా చోట శామ్యూల్ రాజ్ వాక్యం చెప్పాడు. చేపల వలలు అల్లే మనిషి, నెమ్మది మనిషి, నాకు చిన్నప్పట్నుంచీ స్నేహితుడు. బాగానే చెప్పాడు. నాకు అసూయేమీ లేదు. మూడుచోట్ల వచనం తప్పాడు, అంతే.

బయటికొచ్చాక భుజం మీద చెయ్యేశాడు. "అన్నా, నువ్వు మాట్లాడకపోయేసరికి గోడవతల నిలబడి వినేవాళ్లందరూ లోపలికొచ్చారు. ఇకమీదట లోపలికి రాకపోతే వినపడదుగా! బాధపడకు. ఏలీయాకు కూడా దేవుడు గాలిలో కనపడలేదు, నిప్పులో కనపడలేదు, మెల్లని స్వరంలో..."

ఈ వారంలో ఆ మెల్లని స్వరం నాకు చెప్పినవాళ్లలో ఇతను నాలుగోవాడో ఐదోవాడో. నేను ఏలీయా మనిషినే. కానీ గుహలో ఏలీయాను కాదు, కర్మెలు కొండ మీద జనమంతా చూస్తుండగా ఆకాశం నుంచి నిప్పు దింపిన ఏలీయాను.

డిసెంబర్ 9, సోమవారం

ఉదయం వెలగలేదు. ఎండెక్కాక వెలిగింది.

కారణం దొరికింది. రొయ్యల చెరువులు. రాత్రి రొయ్యలకు గాలి ఆడదని మన చుట్టూ ఉన్న చెరువులన్నింటిలో ఏరేటర్లు తిప్పుతారు, తెల్లవార్లూ తిప్పుతారు. తెల్లారేసరికి ఊరికి వచ్చే కరెంటు సన్నబడిపోతుంది. పొద్దెక్కి అవి ఆపగానే నా దీపం వెలుగుతుంది. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? రొయ్యకు ఊపిరి కావాలి, నా తల్లికి వెలుగు అక్కర్లేదా? ఐగుప్తు రాజు ఫరో కూడా ఇటుకలు చేసే ఇశ్రాయేలుకు గడ్డి మాత్రమే ఆపాడు! గొంతు రానీ. మొదటి ప్రసంగం దీని మీదే. చెరువుల యజమానులు ముందు వరస బెంచీల్లో ఉంటారు, ఉండనీ. ఐస్ ఫ్యాక్టరీకి డబ్బు వాళ్ల రొయ్యల వల్లే వస్తుందని నాకు గుర్తు చెయ్యక్కర్లేదు.

ఫ్యాను మామూలుగానే తిరుగుతోంది. ఫోను చార్జింగ్ ఎక్కుతోంది. అది వేరు.

డిసెంబర్ 10, మంగళవారం

దీపం, అడాప్టర్ సంచిలో వేసుకుని మధ్యాహ్నం బస్సుకు అవనిగడ్డ వెళ్లాను. రామ్‌ప్రసాద్ అని, టీవీలు, మిక్సీలు బాగు చేస్తాడు. మా సంఘం ఆంప్లిఫయర్ కూడా అతనే చూస్తాడు.

"రండి పాస్టర్ గారూ! ఏంటి పలకరు? కోపమా?"

నేను పాస్టరును కాదు, సువార్త చెప్పుకునేవాడిని. అది కూడా చెప్పలేను. ఫోనులో టైపు చేసి చూపించాను.

"ఓహో, మౌనవ్రతమా. మా మేనత్త కూడా చేసేది కార్తీకంలో. వంట బాగా కుదిరేది."

వ్రతం కాదు, ఆపరేషన్ అని పెద్ద అక్షరాలతో టైపు చేశాను. అతను అప్పటికే దీపం ప్లగ్గుకు పెట్టాడు. వెలిగింది. రిమోట్ నొక్కాడు. తెలుపు, ఆకుపచ్చ, ఎరుపు, మాకు అవసరం లేని రంగులన్నీ వచ్చాయి.

"శుభ్రంగా ఉందిగా!"

ఉదయం పూట వెలగదు అని చూపించాను. మీటరు పెట్టి అడాప్టర్ చూశాడు, ఐదు వోల్టులు సరిగ్గా చూపిస్తోంది. పీఠం కదిపాడు, తీగ మెలిపెట్టాడు, ఊపాడు. వెలుగుతూనే ఉంది.

"మీ ఇంట్లో వెలగదు, నా దగ్గర వెలుగుతుంది. మీ ఆవిడ గారు గుడివాడ వెళ్లారని విన్నా, దీనికి కూడా అలకేమో. ఒక పని చెయ్యండి, అడాప్టర్ మార్చి చూడండి. ఒక్కోసారి చలికి మొరాయిస్తాయి ఈ చైనావి." పాత పిన్ను పట్టుకున్న వేళ్లకు జిడ్డు అంటడం చూసి చొక్కాకు తుడుచుకున్నాడు. "ఇదేంటండీ, తలంటుకున్న చేతులతో పట్టుకుంటారా దీన్ని?"

ఆ మాట నాకు నచ్చలేదు. మా ఇల్లు శుభ్రమైన ఇల్లు. కొత్త అడాప్టర్ తీసుకుని వచ్చేశాను. రొయ్యల చెరువుల సంగతి అతనికి టైపు చేసి చూపిస్తే నవ్వాడు. అన్యులకు నవ్వొస్తుంది.

డిసెంబర్ 11, బుధవారం

కొత్త అడాప్టర్‌తో కూడా తెల్లవారుజామున వెలగలేదు.

అమ్మ ఏడ్చింది. బయటికి కాదు. పీట మీద కూర్చుని కొంగు నోట్లో పెట్టుకుంది. తర్వాత నా ముంజేయి పట్టుకుంది. "ఒక్కసారి 'అమ్మా' అనరా. చాలు. ఇంక అడగను. నాకు ఇంత లోకంలో నీ గొంతొక్కటే వినపడేది, అది ఉందో లేదో తెలియాలి కదా."

ఎరుపు నొక్కాను. ఎరుపు కూడా వెలగలేదు.

డిసెంబర్ 12, గురువారం

ఈ రోజు ఏమీ జరగలేదు.

డిసెంబర్ 13, శుక్రవారం

నిన్న ఏమీ జరగలేదని రాశాను. నిజమే. దగ్గు వచ్చింది. ఆపరేషనయినవాడికి దగ్గు రావడం సహజం. దగ్గు మాట కిందికి రాదు.

దగ్గులో "అమ్మా" అన్న అక్షరాలు కలిస్తే అది దగ్గు తప్పు.

ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చదవరు. మరి ఎవరి కోసం ఇలా తిప్పి తిప్పి రాస్తున్నాను? అన్నాను. నిన్న ఉదయం, దీపం వెలగకపోతే, ఆమె ఎడమ చెవి దగ్గర నోరు పెట్టి అన్నాను. గుసగుసగా. డాక్టరమ్మ వద్దన్నదే.

అమ్మకు వినపడలేదు. "ఊపిరి వెచ్చగా తగిలింది, ఏదన్నా అన్నావా?" అని అడిగింది.

అప్పట్నుంచి గొంతులో ముల్లు ఉన్నట్టుంది. ఉన్నట్టుందో, భయానికి అలా అనిపిస్తుందో తెలియదు.

డిసెంబర్ 14, శనివారం

నవ్యశ్రీకి ఆడపిల్ల పుట్టింది! తల్లీబిడ్డా క్షేమం. స్తోత్రం, స్తోత్రం.

ఎస్తేరు వీడియో కాల్ చేసింది. "ఏవండీ, చూడండి, మీ పోలికే. అరుస్తూ పుట్టింది." నేను చూస్తున్నాను. "ఏడుస్తున్నారా, నవ్వుతున్నారా? ఫోను కాస్త దూరం పెట్టండి, ముక్కొక్కటే కనపడుతోంది."

దూరం పెట్టాను. పిల్ల ముఖమంతా నోరే. అంత చిన్న గొంతులోంచి అంత కేక! నా గదిలో ఫోను అదిరింది. అమ్మను పిలిచి ఫోను చూపించాను. మునిమనవరాల్ని చూసి దీవించింది. "అరుస్తోందా?" అని అడిగింది. తలూపాను. "అరవనీ. వాళ్ల తాత వంతు కూడా అరవనీ."

జెకర్యాకు బిడ్డ పేరు రాయగానే నోరు తెరుచుకుంది. నాకు ఇంకా నాలుగు రోజులున్నాయి. నోరు తెరుచుకుంటుందా అన్నది నా సందేహం కాదు. మొన్నటి నా పనికి గొంతు మిగిలిందా అన్నది.

డిసెంబర్ 15, ఆదివారం

ఇది నెమ్మదిగా రాయాలి.

చలి ఎక్కువై రోజూ లేచే వేళ కంటే ముందే మెలకువ వచ్చింది. పొగమంచు కిటికీ లోపలిదాకా వచ్చింది. మంచం మీద నుంచే చూశాను, అమ్మ అప్పటికే లేచి గూటి ముందు నిలబడి ఉంది. దీపాన్ని చేతిలోకి తీసుకుంది. వెనక పిన్ను పీకింది. కిటికీలో ఉన్న ప్రార్థన నూనె సీసా తీసింది. అది నేనే ప్రార్థన చేసి ఇచ్చిన సీసా. మా సంఘంలో ఎవరికి ఒంట్లో బాగోకపోయినా కొబ్బరినూనె తెచ్చుకుంటారు, ప్రార్థన చేసి ఇస్తాను, నొప్పి ఉన్న చోట రాసుకుంటారు. చలికి నూనె తెల్లగా పేరుకుపోయి ఉంది. అమ్మ తలపిన్నుతో గోకి, వేలి కొసకు తీసుకుని, దీపం వెనక రంధ్రంలో కూరింది. నిండుగా కూరింది. మిగిలింది నా పేరు మీద రాసింది. అప్పుడు కళ్లు మూసుకుంది. పెదాలు కదులుతున్నాయి.

నాకేమీ వినపడలేదు. నేను మాట లేకుండా ప్రార్థన చేస్తుంటే ఆమెకు ఈ పది రోజులూ ఎలా ఉండి ఉంటుందో ఈ రోజు చూశాను. కానీ ఆమె ఏమంటుందో తెలియడానికి చెవి అక్కర్లేదు. ఆ దీపం నేనే అని ఆమెకు చెప్పింది నేను. పిన్ను దిగే చోటు నా గొంతు.

తర్వాత పిన్ను మళ్లీ ఆ పేరుకున్న నూనెలోకి గుచ్చింది. భయం కొద్దీ సగమే గుచ్చి వదిలేసింది. వెళ్లి పీట మీద కూర్చుని, కళ్లజోడు తుడుచుకుని, వెలుగు కోసం ఎదురు చూసింది. రోజూ అదే వరస కాబోలు. దీపం వెలగలేదని మర్నాడు ఇంకాస్త ఎక్కువ నూనె.

మొత్తం అర్థమయింది. చలికి నూనె గడ్డకట్టినంతసేపూ పిన్నుకూ లోపలి రేకుకూ మధ్య నూనె గోడ. ఎండెక్కి కరిగాక, నేనోసారి కదిపాక, వెలుగు. అవనిగడ్డ బస్సులో ఎండకు సంచి వేడెక్కిపోయింది, అందుకే రామ్‌ప్రసాద్ దగ్గర వెలిగింది. తలంటుకున్న చేతులా అన్నాడు పాపం, నిజం అతని వేళ్లకే అంటింది, నాకు కోపం వచ్చింది. రొయ్యల యజమానులను ఫరోలన్నాను. వాళ్ల మీద ప్రసంగం చేద్దామనుకున్నవాణ్ణి ఇప్పుడు నేనే వాళ్లను క్షమాపణ అడుగుతున్నాను. చైనా వాడిని కూడా. అడాప్టర్లు రెండూ మంచివి.

ఆమె వంటకు లేచాక దీపం పెరట్లోకి తీసుకెళ్లాను. అగ్గిపుల్లకు దూది చుట్టి, ఆసుపత్రి వాళ్లిచ్చిన స్పిరిట్‌లో ముంచి తుడిచాను. తెల్లగా, వెన్నలా వచ్చింది. దానిలో దుమ్ము, ఒక చీమ. దూది శుభ్రంగా వచ్చేదాకా తుడిచాను. కళ్లు మసకబారితే ఆగి మళ్లీ తుడిచాను. పిన్ను గట్టిగా నొక్కాను. వెలిగింది.

నా గొంతు కోసం ఇంత ప్రార్థన జరుగుతుంటే నేను కరెంటు వాళ్లను తిట్టుకుంటూ కూర్చున్నాను. తండ్రీ, నీకు స్తోత్రం. ఈ నూనెకు స్తోత్రం. దీపం వెలగని ప్రతి పొద్దుకూ స్తోత్రం.

అయితే ఆమెను ఆపడం ఎలా? ఎరుపు నొక్కితే ప్రార్థన వద్దన్నాననుకుంటుంది.

డిసెంబర్ 16, సోమవారం

ఆమె లేచే వేళకే లేచి గూటి దగ్గర కాపు కాశాను. వచ్చి నన్ను చూసి ఉలిక్కిపడింది. సీసా వెనక్కి దాచుకుంది, దొంగతనం చేసినట్టు.

"నీకు కోపమొస్తుందని చెప్పలేదు. నువ్వు కుండకీ చాటకీ నూనె రాయకూడదంటావుగా ప్రసంగాల్లో."

అంటాను. గట్టిగా అంటాను.

ఆమె చేతిలోంచి సీసా తీసుకుని నేనే మూత తీశాను. నూనె ఆమె వేలికి అంటించి, ఆ వేలు నా గొంతు మీద పెట్టుకున్నాను, కోసినవాళ్లు లోపల కోశారు, పైన ఏ గుర్తూ లేదు, అయినా చోటు ఆమెకు తెలుసు. దీపం వైపు చూసింది, నా వైపు చూసింది.

"ఓరి నా తండ్రీ. అసలుది ఇక్కడుండగా నేను చెక్కకు రాస్తున్నానా!"

నవ్వింది. పళ్లు లేని నోటితో కడుపు పట్టుకుని నవ్వింది. తర్వాత గొంతంతా రాసింది, గడ్డం కింద, చెవుల వెనక, చొక్కా కాలరంతా జిడ్డు చేసింది. నేను రిమోట్ నొక్కాను. పావురం తెల్లగా వెలిగింది. పొగమంచులో, చలిలో, తెల్లవారుజామునే.

డిసెంబర్ 17, మంగళవారం

వెలిగింది. రేపు బందరు.

డిసెంబర్ 18, బుధవారం

డాక్టరమ్మ ముక్కులోంచి సన్న గొట్టం దించి చూశారు. చాలాసేపు చూశారు.

"మధ్యలో మాట్లాడారా?"

అబద్ధం చెప్పడానికి నోరు అక్కర్లేదు, తల చాలు. తల కదపలేదు. ఒక వేలు చూపించాను.

"ఎవరితో?"

అమ్మ వైపు చూపించాను. పక్క స్టూలు మీద సంచి ఒళ్లో పెట్టుకుని గోడ మీది చెవి బొమ్మ చూస్తూ కూర్చుంది.

డాక్టరమ్మ గొట్టం బయటికి తీశారు. "బాగానే మానింది. 'ఆ' అనండి."

అన్నాను. వచ్చింది! నాది కాదనిపించే గొంతు, లోతుగా, మెత్తగా, పక్కింటాయన ఎవరో అన్నట్టు. కానీ వచ్చింది. నేను ఆవిడ చేతులు పట్టుకోబోయి ఆగాను.

"ఇప్పుడు అసలు మాట వినండి. మామూలుగా మాట్లాడొచ్చు. మైకు వాడుకోండి. అరవడం మాత్రం ఇక జన్మలో లేదు. ఫ్యాక్టరీలో లేదు, ప్రసంగంలో లేదు, ఇంట్లో లేదు. అరిస్తే మళ్లీ కాయ వస్తుంది, రెండోసారి తీస్తే గొంతు మిగులుతుందని నేను చెప్పలేను."

"అలాగేనండీ" అన్నాను. మొదటి మాట. స్తోత్రం అనుకుందామనుకున్నాను మొదటి మాటగా. "అలాగేనండీ" అయింది.

చల్లపల్లి దాటేదాకా సంతోషంగానే ఉన్నాను. బస్సులో అమ్మ నా పక్కన కూర్చుని అడిగింది, అందరూ తిరిగి చూసేలా. "ఏమందిరా డాక్టరమ్మ? వచ్చిందా గొంతు?"

అప్పుడు తెలిసింది. వచ్చింది. ఈమెకు వినపడేంత కాదు. ఎప్పటికీ కాదు.

ఆకుపచ్చో తెలుపో వెలిగిద్దామంటే దీపమూ రిమోటూ ఇంట్లో ఉన్నాయి. బొటనవేలు పైకెత్తి చూపించాను. ఆమె చప్పట్లు కొట్టింది.

డిసెంబర్ 19, గురువారం

పీట మీద కూర్చుంది. ఎడమ చెవి తిప్పింది. ముఖమంతా పండగ. దీపం వెలిగించబోతే చేతితో ఆపింది. "దాంతో పనేముంది ఇంక? నువ్వు చదువు."

చదివాను. ఈ కొత్త గొంతుతో, డాక్టరమ్మ చెప్పినంత ఎత్తులో, చెవికి ఎంత దగ్గర కూర్చోవచ్చో అంత దగ్గరగా. ఆమె ఎదురు చూస్తూనే ఉంది. నేను ఒక వచనం ముగించాను. ఆమె ఇంకా ఎదురు చూస్తోంది.

"మొదలుపెట్టరా."

మళ్లీ చదివాను. ఆమె నా పెదాల వైపు తిరిగింది. కదులుతున్న పెదాలు చూసింది. చెవిలో వేలు పెట్టి తిప్పుకుంది. మళ్లీ చూసింది. ఆ ముఖంలోంచి పండగ దిగిపోవడం నేను చూశాను. నాకు తట్టుకోవడం చేతకాలేదు. ఏమైతే అయింది, ఒక్క వచనం, ఒక్కటంటే ఒక్కటి, నిండు గొంతుతో వినిపించి ఆ తర్వాత మూగవాడిని చేసినా సరేనని ఛాతీ నిండా ఊపిరి పీల్చాను. ఆ ఊపిరి ఆమెకు తెలుసు. ప్రతి ప్రసంగానికి ముందు ఆ ఊపిరి చూసింది ఆమె.

అరచెయ్యి తెచ్చి నా నోటికి అడ్డం పెట్టింది. గట్టిగా.

"ఊహూ. డాక్టరమ్మ వద్దంది కదూ? నీ మొహం చూస్తే తెలుస్తోంది. నిన్న బస్సులోనే అనుకున్నా."

నేను చెయ్యి తీయబోయాను. తీయనివ్వలేదు.

"నా చెవి కోసం నీ గొంతు తగలేసుకుంటావా? చెవి ముసలిది. గొంతు దేవుడిది. నాకు ఉందని తెలిస్తే చాలు, పెదాలు కదుపుతున్నావు, అవతలివాళ్లకు వినపడుతుంది కదా. నువ్వు చదువుకో. నేను చూస్తా."

చెయ్యి తీసింది. నేను చదివాను. ఆమె చూసింది. అధ్యాయం మొత్తం చూసింది.

ఇలాంటి తల్లినిచ్చిన దేవుణ్ణి స్తుతించడానికి నాకు మిగిలిన గొంతు చాలు.

డిసెంబర్ 20, శుక్రవారం

శామ్యూల్ రాజ్ వచ్చాడు. ఆదివారం వాక్యం నన్నే చెప్పమన్నాడు. "అన్నా, అరవకుండా నువ్వు చెప్పగలవా అసలు?" అన్నాడు, నవ్వుతూ. "నువ్వు చెప్పావుగా రెండు వారాలు. నీ దగ్గర నేర్చుకుంటాను" అన్నాను. అతను టీ మొత్తం ఒకే గుటకలో తాగి నాలిక కాల్చుకున్నాడు.

అసూయ లేదని రాసిన పేజీ తిప్పి చూశాను. కొట్టెయ్యలేదు. ఉండనీ.

డిసెంబర్ 22, ఆదివారం

ప్రసంగానికి బైబిల్లోని హన్నా కథ తీసుకున్నాను. బిడ్డ కోసం గుడిలో ప్రార్థన చేస్తుంటే పెదాలే కదిలాయి, స్వరం వినపడలేదు, యాజకుడు చూసి తాగి ఉందనుకున్నాడు. ఇన్నేళ్లుగా ఆ అధ్యాయం చెప్పిన ప్రతిసారీ నేను ఆ యాజకుడి మీద నిప్పులు కురిపించాను. ఈసారి కురిపించలేదు. ఆమె ఏమని అడిగి ఉంటుందో చెప్పాను.

ఊరు మొత్తం వచ్చినట్టుంది, క్రిస్మస్ ముందు ఆదివారం. యూత్ పిల్లలు మైకు నా పెదాలకు ఆనించినంత దగ్గర పెట్టారు. మొదట్లో నా గొంతు నాకే వింతగా ఉంది. జనం ముందుకు వంగారు. పసిపిల్లలను తల్లులు ఊరుకోబెట్టారు. గోడవతల నిలబడేవాళ్లు గుమ్మం దాటి లోపలికొచ్చి కింద కూర్చున్నారు. చెరువుల యజమానులు ముందు వరసలోనే ఉన్నారు, వాళ్ల కళ్లలోకి చూసి చెప్పాను, రొయ్యల గురించి కాదు.

అమ్మ రెండో వరసలో గోడ పక్కన కూర్చుంది. కొత్త చీర. నేను చెబుతున్నంతసేపూ నా నోరే చూస్తోంది. హన్నా వెళ్లి భోజనం చేసింది, ముఖంలో దిగులు పోయింది అన్న చోటికి వచ్చాను. అప్పుడు ఉన్నట్టుండి లేచి నిలబడింది. మాట్లాడేటప్పుడు తన గొంతు ఎంత పెద్దదో ఆమెకు తెలియదు. జనం వైపు తిరిగి, చివరి బెంచీ దాకా మోగేలా అడిగింది.

"ఏమ్మా, ఏమయ్యా, మా వాడు చెప్పేది మీకు వినపడుతుందా?"

ఎవరూ నవ్వలేదు. ముందు శామ్యూల్ రాజ్ చెయ్యెత్తాడు. తర్వాత వాళ్లావిడ. తర్వాత బెంచీకి బెంచీ చేతులు లేచాయి, గుమ్మం దగ్గర కింద కూర్చున్నవాళ్లవి, బయట చెప్పుల దగ్గర నిలబడ్డవాళ్లవి కూడా. అమ్మ ఒక్కో చెయ్యీ చూసుకుంటూ గది చివరిదాకా కళ్లు తిప్పింది.

"అయితే సరే" అంది. కొంగు సర్దుకుని కూర్చుని, ఇక కానివ్వమన్నట్టు నాకు తలూపింది.

నేను మిగతాది చెప్పాను.